ముక్క చెక్కలతో ఇంటి అరలూ పెట్టెలూ

ఇల్లు కట్టగా మిగిలిన బద్దలు, పాత ఇల్లు విప్పితే వచ్చిన వాసాలు, సరుకు దించాక పారేసిన పెట్టెలు, ప్లైవుడ్ షీటు కోశాక మిగిలిన పట్టీలు. వీటితో ఇంట్లో వస్తువులు సర్దుకునే అరలు, పెట్టెలు, స్టాండులు, చిన్న అల్మారాలు చేసుకోవడం వడ్రంగంలో ఒక పాయ. కొత్త కలప పనికీ దీనికీ ఉన్న తేడా సరుకు ధరలో కన్నా పని వరుసలోనే ఎక్కువ. కొత్త కలపతో చేసేటప్పుడు ముందు బొమ్మ గీసి ఆ కొలతలకు చెక్క కొంటారు. ముక్క చెక్కతో చేసేటప్పుడు ముందు చెక్కనంతా నేల మీద పరచి, కొలిచి, పొడుగు ముక్కలు ఎన్ని ఉన్నాయో చూసుకుని, ఆ తర్వాతే బొమ్మ గీస్తారు. ఈ వరుస తప్పినవాళ్ళు సగం పనిలో చెక్క చాలక కొత్త పలక కొనుక్కొస్తారు. అప్పుడిక ముక్క చెక్కతో పని మొదలుపెట్టిన ప్రయోజనం సగం పోయినట్టే.

కుర్చీ, మంచం కన్నా నిల్వ సామానే ఈ పనికి అనువు. కుర్చీలో మనిషి వెనక్కి వాలతాడు, పక్కకు ఒరుగుతాడు, రెండు కాళ్ళ మీద ఊగుతాడు. ఆ లాగుడంతా అతుకుల మీద పడుతుంది. అరలో పెట్టిన బియ్యం డబ్బా కదలదు. దాని బరువు తిన్నగా కిందికే దిగుతుంది. అందుకే అడుగున్నర, రెండడుగుల పొట్టి ముక్కలూ, పనికి కొత్తవాళ్ళు వేయగల అతుకులూ ఇక్కడ సరిపోతాయి.

గూటి నుంచి బీరువాకు

తెలుగు ఇళ్ళలో నిలువు అల్మారా మరీ పాత వస్తువేమీ కాదు. మట్టిగోడలు రెండడుగుల మందాన ఉన్నన్నాళ్ళూ గోడలోనే గూళ్ళు వదిలేవారు. దీపానికొకటి, దేవుడికొకటి, పెరట్లోకి వెళ్ళే దారిలో పళ్ళపొడికొకటి. బట్టలకు చిలకకొయ్యలు, పాలూ పెరుగుకూ ఉట్టి, ఏడాదికోసారి దించే గంగాళాలకు అటక. కలిగినవాళ్ళ ఇళ్ళలో భోషాణం ఉండేది. ఊరి వడ్రంగి బండికీ నాగలికీ చెక్కగా మిగిలిన తుమ్మ, మద్ది ముక్కలు పీటలుగానో పెట్టెలుగానో మారేవి. మరీ చిన్నవి పొయ్యిలోకి పోయేవి.

ఇటుకా సిమెంటూ వచ్చాక గోడలు తొమ్మిది అంగుళాలకు, గదుల మధ్యనైతే నాలుగున్నరకు పలచబడ్డాయి. గూటికి చోటు పోయింది. ఆ లోటును కొంత కడప బండ పూడ్చింది: గోడలో దింపిన నల్లరాతి పలకల మీద వంటింటి డబ్బాలు వరుసగా పేర్చడం రాయలసీమ దాటి కోస్తాలో, తెలంగాణలో కూడా మామూలైంది. మరికొంత ఇనుము పూడ్చింది. గోద్రెజ్ సంస్థ 1923లో ఉక్కు బీరువాల తయారీ మొదలుపెట్టింది. తర్వాతి తరాలకు బీరువా అంటే ఇనుప బీరువానే. రాతికీ ఇనుముకూ మధ్య మిగిలిన చోటే చెక్కకు దక్కింది. జాలీ కొట్టిన పాల బీరువా, పుస్తకాల స్టాండు, దేవుడి మందిరం, చెప్పుల అర. వీటిలో చాలావరకు గుమ్మాలకూ కిటికీలకూ తెచ్చిన కలపలో మిగిలిన ముక్కలతో, అదే వడ్రంగి చేతుల మీదుగా తయారయ్యేవి. గృహప్రవేశం దగ్గరపడ్డాక, "ఈ ముక్కలతో ఓ స్టాండు కొట్టిపెట్టవయ్యా" అన్నదే ఆయనకు ఇంటివాళ్ళు చెప్పే చివరి పని.

సరుకుల పెట్టె కథ

ముక్క చెక్క పనిని పుస్తకానికి ఎక్కించినవాళ్ళలో మొదట చెప్పుకోవలసిన పేరు లూయీస్ బ్రిగమ్. అమెరికా వనిత. ఉత్తర ధ్రువానికి దగ్గరి స్పిట్స్‌బర్గెన్ దీవిలో, బొగ్గుగని శిబిరం దగ్గర ఉన్న రోజుల్లో, సరుకులు వచ్చిన పెట్టెలతోనే ఇంటి సామాను చేసుకుంది. ఆ దీవిలో చెట్లు లేవు, దుకాణాలూ లేవు. ఓడ తెచ్చిన పెట్టెలే అక్కడి కలప. ఆ అనుభవాన్ని న్యూయార్క్ ఇరుకిళ్ళకు తెచ్చి, 1909లో 'బాక్స్ ఫర్నిచర్' పేరుతో వంద వస్తువుల తయారీ చెప్పే పుస్తకం వేసింది. ఆమె గీసిన బొమ్మల్లో పెట్టెను ఊరికే తిరగేసి బల్ల అనడం ఉండదు. ఏ పెట్టె ఏ కొలతలో వస్తుందో, దాన్ని విప్పితే ఏ పలకలు దొరుకుతాయో లెక్క చూసి, ఆ లెక్క మీదే వస్తువును కడుతుంది. ఇప్పటికీ ఈ పనికి అంతకన్నా మంచి పద్ధతి లేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1929లో, అమెరికా వాణిజ్య శాఖ కింద పనిచేసిన కలప వినియోగ సంఘం 'యూ కెన్ మేక్ ఇట్' అనే చిన్న పుస్తకం వేసింది. వాడేసిన చెక్కపెట్టెలనూ చిల్లర కలపనూ ఇంటి పనులకు ఎలా మళ్ళించాలో అందులో ఉంది. ప్రభుత్వానికి ఆ ఆసక్తి పొదుపు మీద ప్రేమతోనే కాదు, అడవి తరుగుతోందన్న బెంగతో కూడా పుట్టింది. అదే ఏడాది చివర్లో ఆర్థిక మాంద్యం విరుచుకుపడింది. దాంతో ఇలాంటి పుస్తకాల అవసరం వాటంతట అదే పెరిగింది.

ఐరోపాలో కథ మరోలా నడిచింది. ఉట్రెక్ట్‌లోని ష్రోడర్ ఇంటిని కట్టిన డచ్ వాస్తుశిల్పి గెరిట్ రీట్‌వెల్డ్ 1934లో, సరుకుల పెట్టెలకు వాడే నాసి పలకలతో కుర్చీ, బల్ల, పుస్తకాల అర గీశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని మెట్స్ దుకాణం వాటిని విడి పలకలుగా అమ్మింది. కొన్నవాళ్ళే ఇంటికి తీసుకెళ్ళి స్క్రూలు బిగించుకోవాలి. నునుపు చేయని, రంగు వేయని చెక్కను అంత పేరున్న దుకాణంలో అమ్మకానికి పెట్టడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. ఇటలీ రూపశిల్పి ఎంజో మారీ 1974లో మరో అడుగు ముందుకు వేశాడు. మామూలు పలకలు, సుత్తి, మేకులు మాత్రమే వాడి చేసుకోగల బల్లలు, మంచాలు, పుస్తకాల అర, బట్టల అల్మారా బొమ్మలు గీసి, తపాలా ఖర్చు పంపిన ఎవరికైనా ఆ బొమ్మలు పంపించాడు. మారీ చెప్పింది కొత్త పలకలే గానీ తుక్కు కాదు. అయినా ముక్క చెక్కతో పనిచేసేవాళ్ళకు ఆయన బొమ్మలు నేర్పేది చాలా ఉంది: నగిషీ అతుకుల జోలికి పోకుండా, పలక మీద పలక వేసి మేకు కొట్టడంతోనే గట్టి వస్తువు ఎలా నిలబడుతుందో వాటిలో కళ్ళకు కడుతుంది.

మన దేశంలో ప్లైవుడ్ పరిశ్రమకు తొలినాళ్ళలో అస్సాం టీ పెట్టెలే ముఖ్యమైన సరుకు. ఆ పెట్టెలు ఖాళీ అయ్యాక దేశమంతా తిరిగి, పుస్తకాలకూ పాత బట్టలకూ పెట్టెలుగా రెండో జన్మ ఎత్తాయి. కాశ్మీర్ యాపిళ్ళు వచ్చే పలచని చెక్క పెట్టెలకు హైదరాబాదు పండ్ల మార్కెట్లలో ఇప్పటికీ ఇలాంటి రెండో బతుకే. ఆ చెక్క ఎక్కువగా పాప్లర్, తేలిక, మెత్తన. గోడకు తగిలించే చిన్న అరలకు బాగుంటుంది, బియ్యం బస్తాకు పనికిరాదు.

చెక్క ఎక్కడిది

తెలుగు నాట అన్నిటికన్నా విలువైన మిగులు, విప్పిన ఇంటి కలప. కోనసీమ మండువా లోగిలి కూల్చితే వచ్చే టేకు దూలం నుంచి పల్లె పెంకుటింటి వేప వాసం దాకా ఇందులోకే వస్తాయి. దశాబ్దాల పాటు కప్పు కింద ఎండిన చెక్క కాబట్టి ఇక వంకర తిరగడానికి పెద్దగా ఏమీ మిగలదు. కొత్తగా కోసిన చెక్క ఎంత ఖరీదైనదైనా ఈ నమ్మకం ఇవ్వలేదు. చెట్టు వయసు పెరిగేకొద్దీ లోపల చేరే చేవ పాత దూలాల్లో ఎక్కువగా ఉంటుంది. పురుగు ముందు తినేది చేవను కాదు, దాని చుట్టూ ఉన్న లేత పైచెక్కను. అందువల్ల అంచులు పుచ్చిన దూలాన్ని చూసి పారేయక్కర్లేదు. పుచ్చు చెక్కేసి చూస్తే నడుమ మంచి పలకలు దొరకవచ్చు. తాటి దూలం సంగతి వేరు. తాడిలో గట్టిదనం వెలుపలే, నడుమ మెత్తని నార. దాని నుంచి వెడల్పు పలకలు రావు. కానీ వెలుపలి నల్లని బద్దలు స్టాండు కాళ్ళకు అచ్చంగా సరిపోతాయి.

కోత మిల్లుల దగ్గర దుంగల పక్క చెక్కలు, బెరడు అంచులు వంటచెరకు లెక్కన తూకానికి దొరుకుతాయి. చదరంగా కోసిన కలప ఘనపుటడుగుల్లో, వంటచెరకు కిలోల్లో అమ్మడం వల్ల ఒకే చెట్టు చెక్కకు రెండు ధరలుంటాయి. ఓపికున్నవాళ్ళకు ఆ రెండు ధరల మధ్యే లాభం. ఇంటీరియర్ పనులు జరిగే అపార్ట్‌మెంట్లలో ప్లైవుడ్ పట్టీలు బస్తాలకొద్దీ మిగులుతాయి. ఎనిమిదడుగులు, నాలుగడుగుల షీటు కోశాక మిగిలేవి మూడు నాలుగు అంగుళాల వెడల్పుతో ఉంటాయి. అవి అరలకు చాలవు గానీ, అర ముందు అంచుకు నిలువుగా బిగించే పట్టీకి అంతకన్నా మంచిది లేదు. మన వడ్రంగులు షీటును అడుగుల్లో, దాని మందాన్ని మిల్లీమీటర్లలో, స్క్రూను అంగుళాల్లో చెబుతారు. ముక్కల కుప్ప దగ్గర కూర్చున్నప్పుడు ఈ మూడు లెక్కలూ ఒకేసారి తలలో తిరుగుతాయి.

పారిశ్రామికవాడల చుట్టుపక్కల దొరికే, సరుకు పేర్చి మోసే చెక్క ప్యాలెట్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఐరోపా ప్రామాణిక ప్యాలెట్ 1200 మిల్లీమీటర్ల పొడవు, 800 వెడల్పు. అందులో 11 పలకలు, 9 చెక్క దిమ్మలు, 78 మేకులు ఉంటాయి. ఆ మేకులు తేలిగ్గా ఊడి రావు. బలవంతంగా పీకితే పలక చివర్లు చీలతాయి. పలకకూ దిమ్మకూ మధ్య ఇనుము కోసే రంపం బ్లేడు దూర్చి మేకును కోసేయడం ఒక దారి. దిమ్మల పక్కన పలకనే కోసేసి, మేకులున్న చోటును వదిలేయడం మరో దారి. ఈ రెండో దారిలో పొడుగు పలకలు 38 సెంటీమీటర్ల ముక్కలవుతాయి, అంటే 15 అంగుళాలు. పొట్టివే. కానీ ఉల్లిపాయల పెట్టెకూ చెప్పుల అర లోతుకూ ఆ కొలత చాలు. మనకు దొరికే ప్యాలెట్లన్నీ ఈ కొలతల్లో ఉండవు. లెక్క మాత్రం ఇదే.

ఇంట్లోకి తేకూడనివి

దేశాలు దాటే ప్యాలెట్ల మీద గోధుమ వెన్ను గుర్తుతో ఒక ముద్ర ఉంటుంది. చెక్కతో పాటు పురుగులు ఒక దేశం నుంచి మరో దేశానికి పాకకుండా 2002లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం అది. దేశం గుర్తు పక్కన హెచ్‌టీ అని ఉంటే చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచారని అర్థం. డీహెచ్ అన్నదీ వేడితో చేసే శుద్ధే. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు. ఆ వాయువు చాలావరకు గాలికి పోయేదే అయినా, ఎంబీ ముద్ర ఉన్నదాన్ని వంటింటి పనికి వాడకపోవడం మేలు. అయితే ముద్ర చెప్పేది శుద్ధి గురించి మాత్రమే. ఆ తర్వాత దాని మీద పురుగుమందు డబ్బా ఒలికిందో, నూనె కారిందో ముద్ర చెప్పదు. మరకలున్నది, ఘాటు వాసన వచ్చేది ఎంత గట్టిగా ఉన్నా వదిలేయాలి.

పాత రైలు స్లీపర్లు చూడ్డానికి ఊరిస్తాయి. వాటిలో చాలావాటికి క్రియోసోటు పట్టించి ఉంటారు. ఆ తారు వాసన ఏళ్ళు గడిచినా పోదు, ఒంటికి మంచిది కాదు. తోటలో గట్టుకు వాడుకోవచ్చేమో గానీ గదిలోకి తేకూడదు. పచ్చని ఛాయ తిరిగిన శుద్ధి కలపలో రాగి, క్రోమియంతో పాటు ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉంది. ఇక పాత తలుపులు, కిటికీల రంగు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలకు మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన రంగును ఉప్పు కాగితంతో పొడిగా రుద్దితే సీసం ధూళి లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పని అసలు చేయకూడదు. రంగున్న వైపును తడిపి గీకడం, లేదా గీకకుండా పైన కొత్త పూత వేసి కప్పేయడం నయం. మామూలు చెక్క పొడి కూడా తక్కువదేమీ కాదు: ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మాస్కు పెట్టుకుని, రుద్దుడు పనంతా ఆరుబయట చేయాలి.

అర ఎందుకు వంగుతుంది

ముక్క చెక్క సామాను చెడిపోతే చాలామంది చెక్క నాసిరకమని తిట్టుకుంటారు. నిజానికి తప్పు ఎక్కువగా కొలతది. డెమ్మీ సైజు తెలుగు పుస్తకాలను నిలువుగా పేరిస్తే అడుగు పొడవు వరుస తొమ్మిది, పది కిలోలకు చేరవచ్చు. అర పొడవును రెండడుగుల నుంచి మూడడుగులకు పెంచి, అదే తీరున పుస్తకాలు నింపితే నడుమ వంపు ఒకటిన్నర రెట్లు పెరగదు, అయిదు రెట్లు పెరుగుతుంది. సమంగా పరచిన బరువు కింద వంపు పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి. మందానిది దీనికి ఎదురు లెక్క: 12 మిల్లీమీటర్ల పలక బదులు 18 వేస్తే వంపు మూడో వంతు కన్నా తక్కువకు దిగుతుంది. ముక్క చెక్కతో పనిచేసేవాళ్ళకు ఈ లెక్క మంచి వార్త. చేతిలో ఉన్నవి ఎలాగూ పొట్టి ముక్కలే. రెండడుగులు దాటని అరలు వేయమని గణితమే చెబుతోంది.

పార్టికిల్ బోర్డు, ఎండీఎఫ్ ముక్కలు దొరికితే రెండడుగులు కూడా ఎక్కువే. బరువు కింద అవి నెలలు గడిచేకొద్దీ మెల్లగా వంగుతూనే ఉంటాయి, బరువు తీసినా పూర్తిగా తిన్నగా కావు. వాటి అంచులో బిగించిన స్క్రూ పట్టు నిలవదు. నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి. ఎంత ఉచితంగా వచ్చినా వంటింటికీ స్నానాల గది పక్కకూ వాటిని తేకపోవడమే మంచిది. ప్లైవుడ్‌లో తడి తగిలే చోటుకు ఐఎస్ 303 ముద్ర ఉండి బీడబ్ల్యూఆర్ అని రాసిన రకం, లేదా ఐఎస్ 710 మెరైన్ రకం ముక్కలు ఏరుకోవాలి. ముద్ర షీటుకు ఒక చోటే పడుతుంది కాబట్టి ముక్క మీద అది కనిపించకపోవచ్చు. ఒక చిన్న ముక్కను మరిగే నీళ్ళలో కొన్ని గంటలు ఉంచితే నాసిరకం పొరలు విడిపోయి తన సంగతి తానే చెబుతుంది.

ఒక స్టాండు కట్టే తీరు

అయిదు అంగుళాల వెడల్పు, ముప్పాతిక అంగుళం మందం ఉన్న పలకలు చేతిలో ఉన్నాయనుకుందాం. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, పది అంగుళాల లోతుతో నాలుగు పలకల వరుసలుండే స్టాండుకు ఏం కావాలి? ఒక్కో పక్కకు మూడడుగుల పలకలు రెండు చొప్పున నాలుగు. ఒక్కో అరకు ఇరవై రెండున్నర అంగుళాల పలకలు రెండు చొప్పున ఎనిమిది. అంతా కలిపి 27 అడుగుల పలక. అరలు రెండడుగులు కాక ఇరవై రెండున్నర అంగుళాలు కావడం పక్క పలకల మందం తీసేసినందువల్ల. ఈ అంగుళమున్నర మరిచిపోయే పొరపాటు కొత్త చేతుల్లో తరచూ జరుగుతుంది.

ఇరుకు పలకలు రెంటిని జతచేయడానికి లోపలి వైపు అడ్డంగా రీపర్లు బిగిస్తారు. పక్కకు నాలుగు, రెండు పక్కలకూ ఎనిమిది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. పలకలను కలిపి ఉంచే రీపరే అరను మోసే ఆధారం కూడా అవుతుంది. బరువు స్క్రూ మీద కాక రీపరు మీద కూర్చుంటుంది. పక్క పలకలోంచి అర చివరలోకి నేరుగా స్క్రూ కొడితే, అది చెక్క నార వెంబడి దిగుతుంది. నార వెంబడి దిగిన స్క్రూకు పట్టు తక్కువ. నారకు అడ్డంగా దిగినదే గట్టిగా పడుతుంది. రీపరులోకి కొట్టే స్క్రూలు నారకు అడ్డంగానే దిగుతాయి. ఒకదానిలో నాలుక చెక్కి మరోదాని బెజ్జంలో దూర్చే వడ్రంగి అతుకు దీనికన్నా అందమైనదే. కానీ దానికి మంచి ఉలి కావాలి, చేయి తిరగాలి, పొడవులో రెండు మూడు అంగుళాల చెక్క అదనంగా ఉండాలి. మూడోది ముక్కల కుప్పలో సాధారణంగా ఉండదు.

రెండు పలకల మధ్య సన్నని సందు వదలాలి. చెక్క నార వెంబడి దాదాపు మారదు గానీ, నారకు అడ్డంగా వానాకాలం ఉబ్బి ఎండాకాలం ముడుచుకుంటుంది. టేకులో ఇది తక్కువ, మామిడి లాంటివాటిలో ఎక్కువ. సందు లేకుండా బిగిస్తే ఆషాఢంలో ఉబ్బిన పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని స్క్రూలను వదులు చేస్తాయి.

ఇలా నిలబెట్టిన స్టాండును పై మూలన పట్టుకుని పక్కకు నెడితే కొంచెం ఒరుగుతుంది. నాలుగు అతుకుల చట్రానికి ఆ జబ్బు పుట్టుకతోనే వస్తుంది. స్క్రూలు ఇంకా బిగించడం, జిగురు ఇంకా పూయడం దానికి మందు కాదు. వెనక నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొడితే, అదీ లేకపోతే మూల నుంచి మూలకు ఒక బద్ద ఏటవాలుగా బిగిస్తే, ఊగడం అక్కడికక్కడే ఆగిపోతుంది. వెనక పలక కొట్టేముందు మూల నుంచి మూలకు రెండు కొలతలూ తీసి, రెండూ సమానమయ్యేదాకా చట్రాన్ని సర్దాలి. మూలమట్టం చిన్న మూలను చూపిస్తుంది. మొత్తం చట్రం చదరమా కాదా చెప్పేది ఈ కొలతే.

టేకు, మద్ది లాంటి గట్టి చెక్కలో స్క్రూకు ముందే సన్నని బెజ్జం వేయకపోతే చెక్క చీలుతుంది, లేదా స్క్రూ తల తెగుతుంది. స్క్రూకు కాస్త సబ్బు రాస్తే తేలిగ్గా దిగుతుంది. పలక అంచు దగ్గర మేకు కొట్టాల్సి వస్తే, దాని మొనను సుత్తితో ఒక దెబ్బ కొట్టి మొద్దు చేస్తారు. పదునైన మొన నారను చీలుస్తుంది, మొద్దు మొన నారను తెంపుకుంటూ దిగుతుంది. జిగురుకు వస్తే, ఒకప్పుడు సరేసు కాచుకునేవారు. 1959లో ఫెవికాల్ వచ్చాక ఆ కాచే పని మెల్లగా వెనకబడింది. తెల్ల జిగురు చెక్క నారలోకి దిగి, నీరు ఇగిరిపోయాకే పట్టేస్తుంది. రంగు, పాత వార్నిషు, మైనం ఉన్న చోట దానికి దిగడానికి దారి ఉండదు. పాత చెక్క అతికేముందు ఆ కాస్త మేర చిత్రిక పట్టి పచ్చి చెక్క బయటపడేలా చేయాలి. చిత్రిక పట్టేముందు అయస్కాంతం తిప్పి విరిగిన మేకు ముక్కలు వెతకాలి. ఒక్క మేకు చాలు, చిత్రిక బ్లేడు పాడు చేయడానికి.

తలుపులు కావాలంటే పాత కిటికీ రెక్కలు దొరుకుతాయేమో ముందు చూసి, దొరికిన రెక్క కొలతకు అల్మారా కట్టడం తేలిక. అల్మారాకు తగ్గ రెక్క చేయడం కష్టం. సొరుగుల జోలికి పోకపోవడమే మేలు. ముక్క చెక్కతో చేసిన సొరుగు మొదటి వానకే పట్టేస్తుంది. దాని బదులు అరలో లాగి తీసే పెట్టె పెట్టుకుంటే అదే పని చేస్తుంది.

చెద, తేమ, పూత

చెద నేలలోంచి, గోడ పగుళ్ళలోంచి మట్టి సొరంగం కట్టుకుంటూ వస్తుంది. అందుకే స్టాండు కాళ్ళ కింద రాయో రబ్బరో ఉండాలి, వెనక గోడకు ఒక అంగుళం సందు ఉండాలి. అలా ఉంటే సొరంగం కనిపిస్తుంది, తుడిచేయవచ్చు. పుచ్చు పురుగు మరో రకం. అది చెక్కలోనే పుట్టి పెరిగి, సన్నని బెజ్జాల్లోంచి మైదా లాంటి పొడి రాలుస్తుంది. పాత చెక్కను ఇంట్లోకి తెచ్చేముందు తెల్ల కాగితం మీద కొన్ని రోజులు ఉంచితే ఆ పొడి రాలుతోందో లేదో తెలుస్తుంది. బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్ళు పూత వేయని చెక్కకు పట్టించడం రెంటికీ పాత మందే. అయితే నీటితో పాటు కరిగిపోయే మందు కాబట్టి, ఎండాక పైన పూత వేయాలి. ఆహారం నేరుగా తగిలే చోట వాడకూడదు.

లక్క పాలిష్ చెక్క రంగును బాగా చూపిస్తుంది గానీ, తడి గ్లాసు పెడితే తెల్లని మచ్చ పడుతుంది. వంటింటికి పాలీయురెథేన్ వార్నిషు నయం. కొబ్బరి నూనె రుద్దే అలవాటు కొందరికి ఉంది. అది ఆరే నూనె కాదు, దుమ్మును పట్టి ఉంచుతుంది, కొన్నాళ్ళకు కంపు కొడుతుంది. ఆరే నూనె అవిసె నూనె. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడికి అది తనంతట తానే అంటుకోగలదు. పరచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో ముంచాలి.

గోడకు బిగించడం

ఎత్తు మూడడుగులు దాటిన ప్రతి వస్తువునూ పై భాగాన గోడకు కట్టాలి. పిల్లలు అరలను మెట్లుగా ఎక్కుతారు. పిల్లల మరణాల తర్వాత ఐకియా సంస్థ 2016లో ఒక్క అమెరికాలోనే సుమారు 2.9 కోట్ల సొరుగు బీరువాలను వెనక్కి పిలిచింది. ఆ దేశంలో ఇలాంటి సామాను తూలిపడకుండా చూసే చట్టం 2022 చివర్లో వచ్చింది. కర్మాగారంలో తయారైనవాటికే ఆ పరిస్థితి ఉంటే, ఇంట్లో కట్టుకున్నవాటి మీద చట్టం కన్ను ఎలాగూ పడదు. రెండు ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు, గోడలో రెండు ప్లాస్టిక్ ప్లగ్గులు చాలు. ఇటుకల మధ్య సందులో కాక, ఇటుకలోనే బెజ్జం వేయాలి. బరువైన జాడీలు, నూనె డబ్బాలు అడుగు అరలో పెట్టాలి.

ఖర్చు, విప్పడం

మిగులు చెక్కతో చేస్తే పైసా ఖర్చు లేదన్న మాట సగమే నిజం. స్క్రూలు, బందులు, జిగురు, ఉప్పు కాగితం, వార్నిషు అన్నీ కొనాల్సినవే. మేకులు పీకి, రంగు గీకి, చిత్రిక పట్టే శ్రమకు కూలి లెక్క కడితే కొత్త ప్లైవుడ్ స్టాండు చవకగా తేలడం అరుదేమీ కాదు. ఈ పనికి అసలు న్యాయం మరో చోట ఉంది. మెట్ల కింద ఏటవాలు సందుకో, ఫ్రిజ్ పక్కన మిగిలిన తొమ్మిది అంగుళాల జాగాకో సరిపోయే అల్మారా ఏ దుకాణంలోనూ దొరకదు. పొట్టి ముక్కలు, వింత కొలతలు అలాంటి చోట్లకే పనికొస్తాయి. చేవ ఉన్న పాత టేకును ఇవాళ కొత్తగా కొనాలంటే సామాన్యులకు అందదన్నది మరో కారణం. పాత టేకును పెద్ద మొత్తంలో లారీ మీద తెచ్చుకునేవాళ్ళు మాత్రం రవాణా అనుమతి గురించి అటవీ శాఖ కార్యాలయంలో ముందే అడిగి, కొన్న బిల్లు దగ్గర ఉంచుకోవాలి.

స్క్రూలతో కట్టినదాన్ని ఇల్లు మారినప్పుడు విప్పి మళ్ళీ కట్టవచ్చు. జిగురు, మేకులు రెండూ వాడినది విప్పితే సగం చీలిపోతుంది. అందువల్ల మళ్ళీ విప్పే అవకాశం ఉన్నవాటికి జిగురు తగ్గించి స్క్రూలు పెంచుతారు. ఇక దేనికీ పనికిరాని ముక్కల్లో పచ్చి చెక్కను నీళ్ళ పొయ్యిలోకి వాడుకోవచ్చు. ప్లైవుడ్, పార్టికిల్ బోర్డు, రంగు వేసినవి, శుద్ధి చేసిన కలప మాత్రం పొయ్యిలో పెట్టకూడదు. జిగురూ రంగూ కాలిన పొగ ఒంటికి హాని. ఆర్సెనిక్ పట్టించిన చెక్క బూడిదలో ఆర్సెనిక్ మిగిలే ఉంటుంది. ఆ బూడిదను గిన్నెలు తోమడానికో, మొక్కలకు వేయడానికో వాడకూడదు. ఈ ముక్కలను వేరుగా మూట కట్టి చెత్త తీసుకెళ్ళేవాళ్ళకు ఇవ్వాలి.